1966 నాటి అలీ, 1988 నాటి టైసన్ తలపడితే: రెండు కట్టల అప్పడాల పందెం

బరంపురం_సిల్కు
పోయిన ఆదివారం మా బావమరిది పర్లాకిమిడి నుంచి వచ్చాడు. భోజనాల దగ్గర మొదలైన వాదన రాత్రి పదకొండు దాటినా తెగలేదు. 1966 నవంబరులో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడో రౌండులో ముగించిన మహమ్మద్ అలీ, 1988 జూన్‌లో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడగొట్టిన మైక్ టైసన్, ఇద్దరూ ఉచ్చదశలో ఉండగా, ఒకే రాత్రి ఒకే బాక్సింగ్ రింగులోకి దిగితే ఎవరు గెలుస్తారన్నది ప్రశ్న. నాలుగు రౌండ్లలోపే టైసన్ పని పూర్తి చేస్తాడని అతడి వాదన, అలీ అసలు దగ్గరికే రానివ్వడని నాది. ఓడినవారు రెండు కట్టల అప్పడాలు, ఒక సీసా ఆవకాయ ఇవ్వాలని పందెం వేసుకున్నాం. అప్పడాలకు పేరుపడ్డ బరంపురంలో ఉంటూ అప్పడాలు గెలుచుకోవడంలో గొప్పేముందని మా ఆవిడ అడుగుతోంది గాని, ఇది పరువుకు సంబంధించిన విషయం. వచ్చే ఆదివారం అతడు మళ్లీ వస్తున్నాడు. "అలీయే గొప్ప" అనే ఉత్తమాటలు వద్దు, అతడి నోరు మూయించగల ఆధారాలు కావాలి.

రాయగడ_ప్యాసింజర్
ఇందులో వాదనకు చోటెక్కడుంది? అలీ ఎత్తు 191 సెంటీమీటర్లు, బార (చాచిన రెండు చేతుల కొలత) 198. టైసన్ ఎత్తు 178, బార 180. టైసన్ పిడికిలి అలీ గడ్డాన్ని అందుకునేలోపు అలీ జాబ్ (ముందు చేత్తో సూటిగా వేసే దెబ్బ) రెండుసార్లు వెళ్లి తిరిగి వస్తుంది. మా నాన్నగారు జీవితాంతం చెప్పినట్టు, జాబ్ ఉన్నవాడిదే పైచేయి.

జయపురం_వంకరముక్కు
రాయగడ గారు, టేపుతో కొలిచి విజేతను తేల్చగలిగితే రింగు ఎందుకు, దర్జీ దుకాణం చాలు. 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అలీని 15 రౌండ్ల పాటు తరిమి, చివరి రౌండులో నేలకు దించిన జో ఫ్రేజియర్ కూడా అలీకంటే పొట్టివాడే, అతడి బార కూడా తక్కువే.

పర్లాకిమిడి_పంతులు
ముందు "ఉచ్చదశ" అంటే ఏమిటో తేల్చుకోవాలి. గురుడికి కర్కాటకం ఉచ్చ అని పంచాంగం చెబుతుంది, బాక్సరుకు అలా రాసిపెట్టిన రాశి లేదు. సిల్కు గారు ఎంచుకున్న రెండు రాత్రులూ చూడటానికి గొప్పవే గాని సాక్ష్యానికి పనికిరావు. విలియమ్స్‌కు 1964లో ఒక పోలీసు అధికారి తుపాకీ గుండు తగిలి, ఒక మూత్రపిండం తీసేయవలసి వచ్చింది. హ్యూస్టన్‌లో అలీ ముందు నిలబడింది పాత విలియమ్స్ కాదు. ఇక స్పింక్స్ అసలు లైట్ హెవీవెయిట్ అనే కింది తరగతి నుంచి పైకి వచ్చినవాడు. ఆ 91 సెకన్ల తరువాత అతడు మళ్లీ గ్లవ్స్ తొడగలేదు. ఎదుటివాడు సగం మనిషిగా ఉన్న రాత్రి మన వీరుడు రెండింతలుగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

బరంపురం_సిల్కు
పంతులు గారు, మీరు ఎవరి పక్షమో అర్థం కావడం లేదు. మీరు కూడా పర్లాకిమిడివారే కావడం వల్ల నాకు కొంచెం అనుమానంగా ఉంది.

బల్లార్షా_బొగ్గు
ఇద్దరితోనూ తలపడినవారు ఉన్నారు కదా, వారినే అడిగితే సరిపోతుంది. లారీ హోమ్స్ 1980లో అలీని ఓడించాడు, 1988 జనవరిలో టైసన్ చేతిలో నాలుగో రౌండులో ఓడిపోయాడు. ట్రెవర్ బెర్బిక్ 1981 డిసెంబరులో అలీని ఓడించాడు, అదే బెర్బిక్‌ను 1986 నవంబరు 22న టైసన్ రెండో రౌండులోనే ముగించి ఇరవై ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. లెక్క తేలిపోయింది.

సిరోంచ_ప్రాణహిత
బొగ్గు గారు, ఆ లెక్క తప్పు. హోమ్స్ చేతిలో ఓడేనాటికి అలీ వయసు 38, టైసన్ చేతిలో ఓడేనాటికి హోమ్స్ వయసూ సరిగ్గా 38. పదో రౌండు తరువాత కుర్చీలోంచి లేవలేకపోయిన అలీతో జరిగిన పోరు అలీ గురించి ఏమీ చెప్పదు. ముసలితనం అందరినీ ఓడిస్తుందన్న సంగతి మా సిరోంచలో ప్రాణహిత గట్టున కూర్చునే తాతలు కూడా చెప్పగలరు.

బల్లార్షా_బొగ్గు
ఒప్పుకుంటున్నాను. రాత్రి డ్యూటీ దిగి వచ్చి రాసిన లెక్క అది.

జయపురం_వంకరముక్కు
ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కాలేజీ రోజుల్లో నేను నాలుగేళ్లు బాక్సింగ్ చేశాను. పతకాలేమీ రాలేదు, ముక్కు మాత్రం కొంచెం పక్కకు తిరిగింది. అది తిరిగిన కథ ఈ చర్చకు పనికొస్తుంది.

అలీ చేతులను నడుము దగ్గర వదిలేసి, దెబ్బ రాగానే తలను నిటారుగా వెనక్కి లాగేవాడు. పుస్తకం ప్రకారం అది తప్పు. తలను పక్కకు తప్పించాలి, లేదా కిందకు వంచాలి. నిటారుగా వెనక్కి లాగితే గడ్డం పైకి లేస్తుంది, బరువంతా మడమల మీదకు పోతుంది, ఇంకొక అంగుళం వెనక్కి పోవడానికి చోటు మిగలదు. నేను పాత వీడియోలు చూసి ఆ విద్యను అనుకరించాను. వారం రోజులు బాగానే సాగింది. ఎనిమిదో రోజు నాకంటే ఒక జానెడు పొట్టి కుర్రాడొకడు ముందు ఒక జాబ్ వేశాడు, నేను దర్జాగా వెనక్కి వాలాను. అతడు అక్కడితో ఆగలేదు. కుడి కాలు లాక్కుని మరొక అడుగు లోపలికి వచ్చి, మోచేతిని భుజం ఎత్తుకు లేపి పక్కనుంచి వంపుగా వచ్చే ఎడమ హుక్ తిప్పాడు. గ్లవ్ నా కంటికి కనిపించనే లేదు. ఆ తరువాత నాకు కనిపించింది షెడ్డు పైకప్పు రేకు, దాని మీద కూర్చున్న ఒక పావురం.

ఇప్పుడు అలీ చరిత్ర చూడండి. 1962లో సన్నీ బ్యాంక్స్, 1963లో వెంబ్లీలో హెన్రీ కూపర్, 1971లో ఫ్రేజియర్, ఈ ముగ్గురూ అలీని నేలకు దించింది ఎడమ హుక్‌తోనే. టైసన్ దగ్గర ఉన్న ఆయుధాలలో అన్నిటికంటే పదునైనది ఏది? ఎడమ హుక్. ఇది యాదృచ్ఛికం అని కొట్టిపారేయడం నావల్ల కాదు.

గజపతి_గ్లవ్స్
వంకరముక్కు గారికి నా నమస్సులు. సరిగ్గా ఇదే మాట నేను ఆ రాత్రి గొంతు చించుకుని చెప్పాను.

బరంపురం_సిల్కు
"ఆ రాత్రి" అంటే ఏ రాత్రి?

గజపతి_గ్లవ్స్
బావగారూ, నేనే. ఈ వేదికలో మీకంటే రెండేళ్ల ముందునుంచి ఉన్నాను.

రాయగడ_ప్యాసింజర్
ఇది ఎడమ హుక్. ఎక్కడినుంచి వచ్చిందో సిల్కు గారు చూడనే లేదు.

గజపతి_గ్లవ్స్
బయటపడ్డాను కాబట్టి నా వాదన పూర్తిగా చెబుతాను. టైసన్‌ను కేవలం బలవంతుడిగా చూడటం మొదటి పొరపాటు. అతడి గురువు కస్ డమాటో నేర్పిన పద్ధతిలో రెండు గ్లవ్స్ చెంపలకు ఆనించి, తలను గడియారపు లోలకంలా ఆడిస్తూ ముందుకు రావాలి. జాబ్ తల పక్కనుంచి పోతుంది, అది తిరిగి వెళ్లేలోపు ఇతడు లోపల ఉంటాడు. ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క అంకె ఉండేది, శిక్షకుడు కెవిన్ రూనీ అంకెలు పిలిస్తే టైసన్ ఆ వరుసలో దెబ్బలు కురిపించేవాడు. 1985లో డమాటో చనిపోయాడు, 1988 చివరికి రూనీనీ తొలగించారు. ఆ తరువాత తల కదలడం తగ్గింది. కాబట్టి 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో పదో రౌండులో పడిన టైసన్‌ను తెచ్చి నా ముందు పెట్టవద్దు. నేను మాట్లాడుతున్నది 1986 నుంచి 1988 వరకు ఉన్న టైసన్ గురించి. బరువులోనూ అతడే రెండు మూడు కిలోలు ఎక్కువ: విలియమ్స్‌తో పోరులో అలీ సుమారు 96 కిలోలు, స్పింక్స్‌తో పోరులో టైసన్ 99.

సిరోంచ_ప్రాణహిత
గ్లవ్స్ గారు, డగ్లస్‌ను పక్కన పెడదాం. రూనీ ఉన్న రోజులనే తీసుకుందాం. 1986లో జేమ్స్ టిల్లిస్, మిచ్ గ్రీన్ పది రౌండ్లూ నిలబడ్డారు. 1987 మార్చిలో జేమ్స్ స్మిత్, ఆగస్టులో టోనీ టక్కర్ పన్నెండు రౌండ్లూ నిలబడ్డారు. టక్కర్ ఎత్తు 196 సెంటీమీటర్లు. స్మిత్ చేసిందల్లా టైసన్ దగ్గరికి రాగానే చేతులు చుట్టి పట్టుకోవడం. చూసేవారికి ఆవలింతలు వచ్చాయి గాని అతడు నేలకు మాత్రం పడలేదు. ఎత్తు, జాబ్, పట్టుకోవడం, ఈ మూడూ కలిస్తే ఆ లోలకం ఆగిపోతుంది. అలీ వద్ద ఈ మూడూ ఉండటమే కాక, స్మిత్‌కు కలలో కూడా అందని కాళ్లు ఉన్నాయి. ప్రత్యర్థి మెడను ఎడమచేత్తో నొక్కి కిందకు వంచడం అలీకి వెన్నతో పెట్టిన విద్య. 1974లో ఫ్రేజియర్‌తో రెండోసారి తలపడినప్పుడు దాదాపు ఆ విద్యతోనే గెలిచాడని విమర్శ కూడా ఉంది.

గజపతి_గ్లవ్స్
రిఫరీ ఊరుకుంటాడా?

సిరోంచ_ప్రాణహిత
అదే నేను అడగబోతున్నాను. రిఫరీ ఏ కాలపు వాడు? రౌండ్లు ఎన్ని? 1966లో టైటిల్ పోరు అంటే 15 రౌండ్లు. 1982 నవంబరులో రే మాన్సినీతో తలపడిన కొరియా బాక్సరు కిమ్ డుక్ కూ 14వ రౌండులో పడిపోయి, కొద్ది రోజులకు మరణించిన తరువాతే ఆ లెక్క 12కు తగ్గడం మొదలైంది. టైసన్ టైటిల్ పోరాటాల్లో ఏదీ 12 రౌండ్లు దాటి సాగలేదు. ఆ చివరి మూడు రౌండ్లలో టైసన్ ఎలా ఉంటాడో లోకానికి తెలియదు, అలీ ఎలా ఉంటాడో తెలుసు. పందెం వేసుకునే ముందు మీరిద్దరూ ఈ ఒప్పందం రాసుకోవలసింది.

పర్లాకిమిడి_పంతులు
ఇటువంటి ఊహాపోరును నిజంగానే యంత్రానికి అప్పగించిన సందర్భం ఒకటి ఉంది. 1969లో అలీ బహిష్కరణలో ఉన్నాడు. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు టైటిలూ లైసెన్సూ పోయాయి. అదే సమయంలో 49 పోరాటాలలో ఒక్కటీ ఓడకుండా 1956లో తప్పుకున్న రాకీ మార్సియానోను పిలిచారు. ఆయన బరువు తగ్గి, బట్టతల మీద విగ్గు పెట్టుకుని వచ్చాడు. ఇద్దరి చేతా రౌండ్లకు రౌండ్లు ఉత్తుత్తి పోరు నడిపించి చిత్రీకరించారు. ఇద్దరి వివరాలూ కంప్యూటరుకు ఎక్కించి, అది చెప్పిన ప్రకారం ముక్కలు అతికించారు. 1970 జనవరిలో ప్రదర్శించినప్పుడు 13వ రౌండులో మార్సియానో నాకౌట్‌తో గెలిచాడు. చిత్రీకరణ ముగిసిన కొన్ని వారాలకే, 1969 ఆగస్టు 31న, మార్సియానో విమాన ప్రమాదంలో చనిపోయాడు. తాను గెలిచానో ఓడానో ఆయనకు తెలియనే లేదు.

జయపురం_వంకరముక్కు
ఆ యంత్రానికి ఏ మేత వేశారో అదే పాలు ఇచ్చింది. మార్సియానో గొప్పవాడే, కాదనను. 1952లో అప్పటి చాంపియన్ వాల్కాట్ చేతిలో మొదటి రౌండులోనే పడి, పాయింట్లలో వెనుకబడి, 13వ రౌండులో ఒకే ఒక కుడి దెబ్బతో టైటిలు తెచ్చుకున్న మనిషి. అయితే ఆయన బరువు 84, 85 కిలోలు. ఈనాటి లెక్కలో క్రూజర్‌వెయిట్ అవుతాడు, హెవీవెయిట్ కాదు. ఆ బరువుతో అలీని 13వ రౌండులో పడగొట్టాడంటే అది కంప్యూటరు నమ్మాలి గాని, రింగులో దెబ్బ తిన్నవాడు నమ్మడు.

బల్లార్షా_బొగ్గు
బరువు ముఖ్యం కాదంటే మన కోడి రామమూర్తి నాయుడు గారిని దింపుదాం. వీరఘట్టం పర్లాకిమిడికి ఎంతో దూరం లేదు కదా. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచిన మనిషి.

జయపురం_వంకరముక్కు
ఆయన మీద గౌరవం ఉంది. పొట్టలో హుక్ పడ్డాక కూడా ఊపిరి బిగించగలిగితే అప్పుడు మాట్లాడుదాం.

రాయగడ_ప్యాసింజర్
నాకు ఒక సందేహం. డమాటో శిష్యుడే అయిన ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను అలీ 1965 నవంబరు 22న లాస్ వేగాస్‌లో 12వ రౌండు దాకా ఆడించి ఓడించాడు. గ్లవ్స్ చెంపలకు ఆనించే అదే గార్డు, అదే బడి. టైసన్ బెర్బిక్‌ను కొట్టిందీ అదే ఊళ్లో, అదే నవంబరు 22న, 21 ఏళ్ల తరువాత. ఆ బడి పాఠాలకు జవాబు అలీకి ముందే తెలుసన్న మాట.

జయపురం_వంకరముక్కు
మంచి ప్రశ్న, ఇంతవరకు ఎవరూ లేవనెత్తలేదు. అయితే ప్యాటర్సన్ ఆ రాత్రి నడుము నొప్పితో సరిగా నిలబడలేకపోయాడు, బరువు కూడా 90 కిలోలకు లోపే. టైసన్‌తో పోలిస్తే అదే రాగాన్ని వేణువు మీద వాయించినట్టు, ఇతడు వాయించేది డోలు. గార్డు ఒకటే అయినా దాని వెనుక ఉన్న నడుము ఒకటి కాదు.

ఇక్కడే నా తీర్పు కూడా చెప్పేస్తాను. 12 రౌండ్ల పోరు, పట్టుకుంటే వెంటనే విడదీసే రిఫరీ ఉంటే, మొదటి నాలుగు రౌండ్లలో టైసన్ గెలిచే అవకాశాన్ని నేను తీసిపారేయను. ఆరో రౌండు దాటితే మాత్రం అలీయే. కూపర్ హుక్ తిన్న తరువాతి రౌండులోనే పోరు ముగించిన మనిషి, ఫ్రేజియర్ హుక్ తిని వెంటనే లేచి నిలబడిన మనిషి. పడగొట్టడం ఒక పని, లేవకుండా చేయడం వేరొక పని. రెండోది అలీ విషయంలో ఎవరూ చేయలేదు. పది లెక్కపెట్టేలోపు లేవలేక అతడు ఓడిన పోరు ఒక్కటీ లేదు.

గజపతి_గ్లవ్స్
అవకాశం ఉందన్నారు కదా, నాకు అది చాలు. బావగారూ, చదివారా?

బరంపురం_సిల్కు
నేను ఆరో రౌండు తరువాతి వాక్యం చదివాను.

ధర్మాబాద్_మిర్చి
ఇంతసేపూ మౌనంగా చదివాను. ఎవరూ చూడని పోరు గురించి ఇంత తపన పడుతున్నారు, నిజంగా జరిగిన ఒక పోరు తప్పు సమయంలో జరిగిందని మాత్రం ఎవరికీ బాధ లేదు. మా ధర్మాబాద్‌లో రైలెక్కితే బాసర దాటిన కాసేపటికి నిజామాబాద్ వస్తుంది. అక్కడి అమ్మాయి నిఖత్ జరీన్. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో, ఒలింపిక్ అర్హత పోటీకి ఎవరిని పంపాలో తేల్చే ట్రయల్‌లో ఆమె మేరీ కోమ్‌తో తలపడి 9-1 తేడాతో ఓడిపోయింది. అప్పటికి మేరీ ఆరు ప్రపంచ స్వర్ణాలు గెలిచిన మనిషి, నిఖత్‌కు 23 ఏళ్లు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో నిఖత్ వరుసగా ప్రపంచ చాంపియన్ అయింది, రెండు ఫైనళ్లూ 5-0. ఆ నిఖత్ ఎదుట, మంచి రోజుల్లో ఉన్న మేరీ ఉంటే? నాకు అలీ టైసన్ కంటే ఇదే ఎక్కువ నిద్ర చెడగొడుతుంది.

సిరోంచ_ప్రాణహిత
మిర్చి గారు, ఏ మేరీ? 2002లో మొదటి స్వర్ణం, 2010లో అయిదవది. 2007లో కవలలు పుట్టారు, మరుసటి ఏడాదే మళ్లీ స్వర్ణం. 2013లో మూడో బిడ్డ, 2018లో ఆరో స్వర్ణం. పంతులు గారి పంచాంగం ఇక్కడ పనిచేయదు, ఈమెకు ఉచ్చస్థానాలు రెండు మూడు ఉన్నాయి. అంతెందుకు, 1973లో చాంపియన్ అయిన జార్జ్ ఫోర్‌మన్ 1994లో 45 ఏళ్ల వయసులో మళ్లీ చాంపియన్ అయ్యాడు. ఏది అసలు ఫోర్‌మన్?

ధర్మాబాద్_మిర్చి
2010 నాటి మేరీని తీసుకుందాం. చిక్కు బరువు దగ్గర వస్తుంది. మేరీ స్వర్ణాలు 45 నుంచి 48 కిలోల మధ్య, నిఖత్‌వి 50, 52 కిలోలు. ఇద్దరినీ ఎక్కడ కలపాలి? 48కి నిఖత్‌ను దించితే పస్తులుండాలి, 52కి మేరీని తెస్తే ఆమె తనకంటే పెద్దవారితో పోరాడాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మేరీకి ఎదురైన ఇబ్బంది అదే. మహిళల బాక్సింగ్‌లో అన్నిటికంటే చిన్న విభాగం అక్కడ 51 కిలోలే కావడంతో ఆమె పైకి రావలసి వచ్చింది, అయినా కాంస్యం తెచ్చింది.

జయపురం_వంకరముక్కు
లెక్కింపు కూడా చూడాలి. లండన్‌లో న్యాయనిర్ణేతలు తగిలిన దెబ్బకు మీట నొక్కేవారు, మహిళలకు రెండు నిమిషాల చొప్పున నాలుగు రౌండ్లు. ఎడమచేతివాటం మేరీ ఆ పద్ధతికి పుట్టినట్టే ఉండేది. లోపలికి దూకడం, రెండు దెబ్బలు వేయడం, ఎదుటివారు చెయ్యి ఎత్తేలోపు బయటపడటం. నిఖత్ గెలిచినవి మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు, రౌండును మొత్తంగా చూసి పదికి మార్కులు వేసే పద్ధతి. పాత మీటల పద్ధతి అయితే మేరీ. కొత్త పద్ధతిలో, 50 కిలోల వద్ద అయితే, దూరాన్ని చక్కగా పాటించే నిఖత్‌కు ఒక వెంట్రుకవాసి మొగ్గు చూపుతాను.

పర్లాకిమిడి_పంతులు
వెంట్రుకవాసి కూడా ఎక్కువ. మేరీ.

ధర్మాబాద్_మిర్చి
పంతులు గారు, మీరు మా వైపు వస్తే మిర్చి మార్కెట్ యార్డులో నిలబెట్టి ఈ మాట మళ్లీ అనిపిస్తాను. అక్కడ కళ్లు తెరిచి నిలబడటమే పదిహేను రౌండ్ల పోరు.

రాయగడ_ప్యాసింజర్
తప్పు సమయంలో జరిగిన పోరు అంటే మేవెదర్, పాకియావ్‌లదీ అంతే. 2009, 2010 ప్రాంతంలో బేరాలు చెడిపోయి, చివరికి 2015 మే 2న కలిశారు. ఆలస్యంగా పెట్టిన విందులో చల్లారిన పులిహోర.

బరంపురం_సిల్కు
ఆదివారం గడిచింది కాబట్టి ఫలితం చెప్పవలసిన బాధ్యత నాకు ఉంది. ప్రాణహిత గారి సలహా ప్రకారం ముందు ఒప్పందం రాసుకున్నాం. 15 రౌండ్లు అన్నాను, అతడు 12 అన్నాడు, 13 దగ్గర ఆగాం. 1966 అలీ, 1988 టైసన్ అన్నదాంట్లో మార్పు లేదు. పట్టుకుంటే మూడు లెక్కపెట్టి విడదీసే రిఫరీ అని రాసుకున్నాం. ఆ మూడు ఎంత వేగంగా లెక్కపెట్టాలన్న దగ్గర మళ్లీ గొడవ వచ్చింది. అతడు లేచి నిలబడి టైసన్‌లా తల ఆడించి చూపించాడు, నేను జాబ్ ఎంత దూరం వెళుతుందో చూపించబోయి గోడ మీది క్యాలెండరును కింద పడేశాను. ఈలోగా మా ఆవిడ పందెపు అప్పడాలు రెండు కట్టలూ వేయించి పెట్టేసింది. తీర్పు రాకముందే సాక్ష్యం చెల్లిపోయింది. ఆవకాయ సీసా మాత్రం అతడి సంచిలో పర్లాకిమిడి వెళ్లినట్టు ఈ ఉదయమే గమనించాను.

గజపతి_గ్లవ్స్
బావగారూ, అక్కయ్యే ఇచ్చింది. పోరు ఎనిమిదో రౌండులో ఆగిపోతే అప్పటివరకు ముందున్నవాడే విజేత అని ఒప్పందంలో మూడో పంక్తి.

బరంపురం_సిల్కు
ముందున్నది ఎవరని ఎవరు లెక్కించారు?

గజపతి_గ్లవ్స్
అక్కయ్యే.